డబ్బు నాది, దస్తావేజు అన్నయ్యది: కన్‌స్ట్రక్టివ్ ట్రస్టు మన కోర్టులో నిలబడుతుందా?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్పుకుంటాను, పొరపాటుంటే దిద్దండి. మీరు దుబాయ్‌లో ఉద్యోగం చేస్తూ 2011లో మీ అన్నయ్య ఖాతాకు విడతలుగా 12 లక్షలు పంపారు. మధురవాడలో 200 గజాల స్థలం చూసి, బేరమాడి, కొన్నది ఆయన. రిజిస్ట్రేషన్‌కు మీరు రాలేకపోయారు. "ప్రస్తుతానికి నా పేరున రాయించుకుంటా, నువ్వొచ్చాక మార్చేద్దాం" అన్నారాయన. ఆ తర్వాత మీరు మూడుసార్లు వచ్చి వెళ్లారు, పేరు మారలేదు. కిందటి సంక్రాంతికి గట్టిగా అడిగితే "స్థలం నాదే, నీ డబ్బు అప్పుగా వాడుకున్నాను, కావాలంటే వడ్డీతో ఇచ్చేస్తాను" అన్నారు. లండన్‌లో ఉన్న మీ స్నేహితుడేమో "కన్‌స్ట్రక్టివ్ ట్రస్టు అని కేసు వేయి, ఇక్కడైతే నెలల్లో తేలిపోతుంది" అన్నాడు. అది మన దగ్గర పనిచేస్తుందా అని అడిగారు.

పనిచేస్తుంది. అయితే మీ స్నేహితుడు అనుకున్న దారిలో కాదు. విశాఖ సూర్యాబాగ్ కోర్టులో 32 ఏళ్లు సివిల్ ప్రాక్టీసు చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను, తీరిక ఉంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఈ మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. తెలుగు అనువాదాల్లో "నిర్మాణాత్మక ట్రస్టు" అని కనిపిస్తుంటుంది. కట్టడానికీ నిర్మాణానికీ దీనితో ఏ సంబంధమూ లేదు. ఇక్కడ కన్‌స్ట్రక్టివ్ అంటే చట్టం అలా భావిస్తుంది, అలా అర్థం చేసుకుంటుంది అని. ఎవరూ ట్రస్టు పెట్టలేదు, ఎవరూ ట్రస్టీగా ఉంటానని ఒప్పుకోలేదు. అయినా ఈ ఆస్తి ఇతని దగ్గర ఉండిపోవడం అన్యాయం కాబట్టి, ఇతన్ని ట్రస్టీ కిందే లెక్కగడతాం అని కోర్టు అంటుంది. పేరు ఇతనిది, అనుభవించే హక్కు అవతలివాడిది.

అంత తిప్పలు ఎందుకు, డబ్బు తిరిగి ఇప్పించమని అడిగితే పోదా అనిపించవచ్చు. మీ స్థలం ఇప్పుడు ఎంత పలుకుతోందో మీకే బాగా తెలుసు. డబ్బు దావాలో గెలిస్తే 12 లక్షలూ వడ్డీ వస్తాయి, స్థలం దావాలో గెలిస్తే స్థలం వస్తుంది. మధురవాడలో ఈ రెండింటికీ ఉన్న తేడా నేను చెప్పక్కర్లేదు. ఇంకొకటి, రేపు మీ అన్నయ్య అప్పులపాలై దివాలా తీశారనుకోండి. మీది డబ్బు బాకీ మాత్రమే అయితే మిగతా అప్పులవాళ్లతో పాటు మీరూ వరసలో నిలబడాలి. ట్రస్టు అయితే ఆ ఆస్తి అసలు ఆయనది కాదు కాబట్టి అప్పులవాళ్లకు చెందదు. ప్రపంచంలో ఏ కోర్టులో కన్‌స్ట్రక్టివ్ ట్రస్టు గురించి వాదన జరిగినా లోపల ఉండే గొడవ ఈ రెండే.

ఈ ఆలోచన పుట్టింది ఇంగ్లాండ్‌లో. న్యాయశాస్త్రం చదివిన ప్రతివాడూ చదివే 1726 నాటి కీచ్ కేసులో ఒక పిల్లవాడి తరఫున ట్రస్టీ రోమ్‌ఫర్డ్ సంత లీజు చూసుకునేవాడు. గడువు అయిపోయింది. పిల్లవాడి పేరున పొడిగించనని భూమి యజమాని మొండికేశాడు. సరే అని ట్రస్టీ తన పేరున తీసుకున్నాడు. మోసం ఏమీ లేదు, పిల్లవాడికి ఎలాగూ దక్కేది కాదు. అయినా ఛాన్సలర్ లార్డ్ కింగ్ వదల్లేదు. ఊళ్లో ఎవరైనా ఆ లీజు తీసుకోవచ్చు గాని ఈ ఒక్కడు మాత్రం తీసుకోకూడదు అన్నాడు. లీజు, దాని లాభం పిల్లవాడికే పోయాయి. మీ కేసులోనూ మన బలం ఇదే, ఇది గుర్తుంచుకోండి: అతను మోసగాడా కాదా అన్నది కాదు, ఏ హోదాలో ఉండి ఆ ఆస్తి తీసుకున్నాడన్నది ముఖ్యం.

ఇక మీ స్నేహితుడు చెప్పినదాంట్లో చిన్న తప్పు ఉంది. "డబ్బు నేను పెట్టాను, పేరు అతనిది, కాబట్టి ఆస్తి నాది" అన్న వాదనను ఇంగ్లాండ్‌లో కన్‌స్ట్రక్టివ్ ట్రస్టు అనరు. అది రిజల్టింగ్ ట్రస్టు. కొనుగోలు డబ్బు ఎవరు పెడితే ఆస్తి వాళ్లకే తిరిగి చేరుతుందని 1788లో డయ్యర్ కేసులో తేల్చారు. రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి గాని అడిగే ప్రశ్నలు వేరు. రిజల్టింగ్ ట్రస్టు "డబ్బు ఎవరిది?" అని అడుగుతుంది. కన్‌స్ట్రక్టివ్ ట్రస్టు "ఏ నమ్మకం మీద ఇది నీ చేతికి వచ్చింది?" అని అడుగుతుంది. మన దేశంలో మొదటి ప్రశ్నకు తలుపు మూసేశారు. రెండోది తెరిచే ఉంది. మీ కేసు నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే.

నెలల్లో తేలిపోతుందన్న మాటకు కూడా ఒక జవాబు. ఇంగ్లాండ్‌లో ఇళ్ల విషయంలో బాగా పేరుపడ్డ కేసు 2011 నాటి జోన్స్, కెర్నాట్‌లది. పెళ్లి చేసుకోని జంట 1985లో ఉమ్మడి పేర్లతో ఇల్లు కొన్నారు. 1993లో అతను వెళ్లిపోయాడు. ఆ తర్వాత వాయిదాలు, రిపేర్లు, పిల్లల పోషణ అంతా ఆమే చూసుకుంది. చివరికి ఆమెకు 90 శాతం, అతనికి 10 శాతం అన్నారు. ఆ మాట అనడానికి కౌంటీ కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా నాలుగు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. వాయిదాలు మన దగ్గరే ఉంటాయనుకోకండి.

కెనడా ఇంకో దారి పట్టింది. ఒకరు లాభపడ్డారు, ఇంకొకరు నష్టపోయారు, దానికి చట్టపరమైన కారణం ఏదీ లేదు. ఈ మూడూ ఉంటే చాలు, ట్రస్టు విధించవచ్చు అంది. ఆ సూత్రాన్ని గట్టిపరిచింది 1980 నాటి పెట్కస్, బెకర్ కేసు. రోసా బెకర్ ఏళ్ల తరబడి తన సహచరుడు పెట్కస్‌తో కలిసి తేనెటీగల పెంపకం చేసింది. మొదట్లో ఇంటి ఖర్చంతా ఆమె జీతంతో నడిచింది, ఆయన జీతం పొదుపుగా మారి పొలం అయింది. పొలం ఆయన పేరున. సుప్రీంకోర్టు ఆమెకు సగం ఇచ్చింది. చట్టం పుస్తకాల్లో ఇది గొప్ప విజయం. కానీ ఆ డబ్బు ఆమె చేతికి సరిగ్గా అందనేలేదు, 1986లో ఆమె ఆత్మహత్య చేసుకుంది. ఈ కేసు గురించి జూనియర్లకు చెప్పినప్పుడల్లా డిక్రీ వచ్చిన రోజున స్వీట్లు పంచొద్దు, అమలైన రోజున పంచండి అనేవాణ్ణి.

అమెరికాలో ఇది పూర్తిగా ఒక పరిష్కార సాధనం. 1919లో న్యూయార్క్ కోర్టులో జడ్జి కార్డోజో, ఈక్విటీ (అంటే చట్టం అక్షరాలకన్నా న్యాయాన్ని చూసే విధానం) మనస్సాక్షి మాట్లాడే సూత్రం ఇదే అన్న అర్థంలో రాశారు, ఇప్పటికీ అదే ఉటంకిస్తారు. భూములకే కాదు, 1980లో అనుమతి తీసుకోకుండా పుస్తకం వేసిన మాజీ సీఐఏ ఉద్యోగి లాభాల మీద కూడా అక్కడి సుప్రీంకోర్టు ఇలాంటి ట్రస్టు విధించింది. ఫ్రాన్స్, జర్మనీల్లో ఈ పద్ధతి లేదు. ఒకే ఆస్తికి ఇద్దరు యజమానులు, ఒకరు కాగితం మీద ఇంకొకరు న్యాయం దృష్టిలో, అన్న ఆలోచన వాళ్ల సివిల్ కోడ్‌లకు మింగుడుపడదు. కారణం లేకుండా లాభపడితే ఆ మేరకు తిరిగివ్వాలి అంటారు. జర్మన్ కోడ్‌లో దానికి 812వ సెక్షన్ ఉంది. అక్కడ చాలావరకు అది ఆ మనిషి మీద ఉండే హక్కే గాని, ఆస్తిని పట్టుకుని ఉండే హక్కు కాదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

మనకు 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ ఉంది. దాని తొమ్మిదో అధ్యాయం, 80 నుంచి 96 వరకు సెక్షన్లు, ఇంగ్లాండ్ కోర్టులు తీర్పుల్లో చెప్పినదాన్ని చట్టం రూపంలో పెట్టింది. ఆ అధ్యాయం పేరు గమనించండి: "ట్రస్టుల స్వభావం గల కొన్ని బాధ్యతలు". ట్రస్టులు అని కూడా అనలేదు. మన చట్టం ఇంగ్లాండ్‌లోలా రెండు రకాల యాజమాన్యాన్ని ఒప్పుకోదు. యజమాని ఒక్కడే, అతని నెత్తిన బాధ్యత ఉంటుంది. దీనివల్ల మీకు ఒక మేలు కూడా ఉంది. మామూలుగా స్థిరాస్తి మీద ట్రస్టు అంటే 5వ సెక్షన్ కింద రిజిస్టరైన రాత ఉండాలి. ఈ అధ్యాయంలోవి రాత వల్ల పుట్టేవి కావు, పరిస్థితి వల్ల పుట్టేవి. కాబట్టి "కాగితం ఏదీ?" అన్న ఒక్క ప్రశ్నతో మిమ్మల్ని బయటికి పంపలేరు.

ఆ అధ్యాయంలో 82వ సెక్షన్ అంటే అచ్చంగా డయ్యర్ కేసే: డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది అయితే పేరున్నవాడు డబ్బు పెట్టినవాడి కోసం పట్టుకుని ఉండాలి. అసలు ఆ సెక్షన్ రాకముందే, 1854లో గోపీకృష్ట గోసాయి కేసులో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన కేసులకు లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టు), ఈ దేశంలో ఇంకొకరి పేరున కొనడం మామూలు అలవాటు, డబ్బు ఎక్కడ నుంచి వచ్చిందన్నదే ముఖ్యం అంది. మా గురువుగారి తరంలో బినామీ దావాలంటే రోజువారీ సరుకు. 1988లో బినామీ లావాదేవీల నిషేధ చట్టం వచ్చి 82ను, దాంతో పాటు 81, 94లను కొట్టేసింది. డయ్యర్ కేసు వచ్చిన సరిగ్గా రెండువందల ఏళ్లకు. కాకతాళీయమే, కానీ లెక్క భలే కుదిరింది. బినామీ ఆస్తి నాదే అని దావా వేసే హక్కునే 4వ సెక్షన్ తీసేసింది. 2016 సవరణ, ఆ ఏడాది నవంబరు 1 నుంచి, ఇంకా కోరలు పెట్టింది: ఆస్తి జప్తు, ఏడాది నుంచి ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా. శిక్ష పేరు పెట్టుకున్నవాడికే కాదు, వెనక ఉన్నవాడికి కూడా.

అందుకే దావాలో మీరు రాసే మొదటి పేరా మీద అన్నీ ఆధారపడతాయి. గాజువాక వైపు నుంచి ఒకసారి నా దగ్గరికి అప్పీలు వచ్చింది, మీలాంటిదే. కింది కోర్టులో వేసిన దావాలో "వాది తన సోదరుని పేర బినామీగా కొనుగోలు చేసినాడు" అని రాసేశారు. అలవాటుగా వచ్చిన మాట. ఆ ఒక్క మాటతో కేసు పోయింది. నేను అప్పీల్లో ఎంత తిప్పలు పడ్డా వాది స్వయంగా ఒప్పుకున్నదాన్ని చెరపలేకపోయాను. మీరు మీ వకీలుకు ఫోన్‌లో చెప్పేటప్పుడు కూడా ఆ మాట వాడకండి.

బినామీ చట్టమే ఒక మినహాయింపు పెట్టింది: నమ్మకపు హోదాలో, ఇంగ్లీషులో ఫిడూషియరీ అంటారే, ఆ హోదాలో ఇంకొకరి మేలు కోసం పట్టుకున్న ఆస్తి బినామీ కాదు. 1988 చట్టంలోనూ ఉంది, 2016 తర్వాతా ఉంది. ట్రస్ట్స్ యాక్ట్‌లో దానికి జోడీ 88వ సెక్షన్, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ట్రస్టీ, భాగస్వామి, ఏజెంటు, డైరెక్టరు, న్యాయ సలహాదారు, లేదా ఇంకొకరి మేలు కాపాడాల్సిన నమ్మకపు స్థానంలో ఉన్న ఎవరైనా, ఆ స్థానాన్ని వాడుకుని తను లాభపడితే, ఆ లాభం అవతలివాడిదే. కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి మీ కథకు దగ్గరి చుట్టం: ఒకరి కోసం లీజు సంపాదించమని పెట్టిన ఏజెంటు దాన్ని తన పేరునే తీసుకుంటే, అది పెట్టినవాడిదే. రోమ్‌ఫర్డ్ సంత ఇదిగో ఇలా మధురవాడ దాకా వచ్చింది.

అన్నదమ్ముల మధ్య ఇది చెల్లుతుందా? తోబుట్టువు అయినంత మాత్రాన ఫిడూషియరీ అయిపోరు, అది ఖాయం. 2016 చట్టంలో తోబుట్టువులకు విడిగా ఒక మినహాయింపు ఉంది గాని, ఏదో ఒక పత్రంలో ఇద్దరి పేర్లూ ఉమ్మడి యజమానులుగా ఉండాలి, మీకు అది లేదు. అయితే 2012లో సుప్రీంకోర్టు మార్సెల్ మార్టిన్స్ కేసు చూడండి. బెంగళూరులో కార్పొరేషన్ ఇల్లు, తల్లి అద్దెదారు. ఆమె పోయాక ఇల్లు ఒకరి పేరునే మార్చాల్సి వస్తే కొడుకు పేరున మార్చారు, డబ్బు ఇంట్లోవాళ్లు కూడా వేశారు. తర్వాత ఆయన అంతా నాదే అన్నారు. ఫిడూషియరీ అన్న మాటకు గిరి గీయలేం, సంబంధం, నమ్మకం, పరిస్థితులు అన్నీ కలిపి చూడాలి అని చెప్పి కోర్టు ఆ మినహాయింపును వర్తింపజేసింది. మీ అన్నయ్య వకీలు మొదటిరోజే "ఈ దావా బినామీ చట్టం కింద చెల్లదు, తిరస్కరించండి" అని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 11 కింద పిటిషన్ వేస్తారు, రాసిపెట్టుకోండి. దానికి జవాబు 2019 నాటి పవన్ కుమార్, బాబూలాల్ తీర్పు: మినహాయింపు కిందికి వస్తుందా రాదా అన్నది సాక్ష్యం చూసి తేల్చాలి, దావా చదివి కాదు.

అంటే మీరు నిరూపించాల్సింది డబ్బు పంపడం కాదు. దాన్ని ఆయనే ఒప్పుకున్నారు. మీ తరఫున, మీ కోసం కొనమని ఆయనకు పని అప్పగించారని, ఆయన ఆ పని ఒప్పుకున్నారని నిరూపించాలి. 2011 నాటి మెయిళ్లు వెతకండి. "సర్వే నంబరు ఇది, గజం ఇంత అంటున్నాడు, నీకు నచ్చితే బయానా ఇస్తాను" లాంటి ఒక్క లైను దొరికితే లక్ష రూపాయల సాక్ష్యం. బేరం కుదిర్చిన బ్రోకరు, ఉంటే, ఎవరి కోసం చూపించాడో చెప్పగలడు. అసలు దస్తావేజు ఎవరి బీరువాలో ఉంది? ఖాళీ స్థలం పన్ను ఎవరు కడుతున్నారు? ప్రహరీ కట్టించిన డబ్బు ఎవరిది? వాట్సాప్ సందేశాలు ఇస్తే కొత్త సాక్ష్య చట్టం, అంటే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం, 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతపరచాలి. పాత ఫోను అమ్మేయకండి.

ఇక ఆ "వడ్డీతో ఇచ్చేస్తా" అన్న మాట. వినడానికి పెద్దమనిషి మాటలా ఉంది గాని, దానికి తల ఊపకండి. అది 2011 నాటి అప్పే అని మీరు ఒప్పుకున్న క్షణం, మూడేళ్ల కాలపరిమితి ఎప్పుడో దాటిపోయిన అప్పు అవుతుంది. కాలం చెల్లిన బాకీ తీరుస్తానని సంతకం పెట్టి రాసిస్తే తప్ప నోటిమాటకు కోర్టులో విలువ లేదు. స్థలమూ పోతుంది, డబ్బూ పోతుంది. పెద్దల సమక్షంలో కూర్చున్నా సరే, "నేను అప్పు ఇవ్వలేదు, స్థలం కొనమని పంపాను" అనే మాట మీద ఉండండి.

మీ కేసులో నన్ను కొంచెం భయపెట్టేది స్థలం స్వభావం. ఆమోదం పొందిన లేఅవుట్‌లోని ఇంటి స్థలం అయితే ఇబ్బంది లేదు, ఎన్నారైలు ఇంటి స్థలం కొనవచ్చు. వ్యవసాయ భూమిగా కొని ఉంటే మాత్రం కథ వేరు. ఎన్నారైలు సాగు భూమి కొనకూడదని ఫెమా, అంటే విదేశీ మారక ద్రవ్య చట్టం, నిబంధన. ఆనందపురం, భీమిలి వైపు ఇలా బంధువుల పేర్లతో కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల దావాలో "మరి నీ పేరున ఎందుకు రాయించుకోలేదు?" అన్న క్రాస్ ప్రశ్నకు జవాబు దొరకదు. చట్టాన్ని తప్పించుకోవడానికే అని తేలితే ఈక్విటీ మీ మొహం చూడదు. డి పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూమి, అయితే 2011 నాటి చట్టం ప్రకారం అసలు అమ్మకమే చెల్లదు, ఆ చర్చ అక్కడితో ఆగిపోతుంది. మీ దస్తావేజు షెడ్యూలులో ఏమని రాశారో ఒకసారి చూడండి.

కాలపరిమితి కూడా చెప్పాలి. ట్రస్టీ మీద ఎప్పుడైనా దావా వేయవచ్చు, గడువు లేదు అని ఎవరో ఒకరు చెబుతారు. లిమిటేషన్ యాక్ట్ 10వ సెక్షన్ ఇచ్చే ఆ సౌకర్యం నిర్దిష్టమైన ఉద్దేశంతో పెట్టిన ట్రస్టులకే, ఇలా చట్టం భావించే వాటికి కాదు. హక్కు ప్రకటించమని అడగడానికి మూడేళ్లు, అది ఆయన మొదటిసారి కాదన్న రోజు నుంచి. మీ లెక్కలో అది కిందటి సంక్రాంతి. ఆయన లెక్కలో ఇంకా ముందే అవుతుంది, ఉదాహరణకు మీకు తెలిసేలా తన పేరున ప్లాన్ అప్రూవల్‌కు పెట్టి ఉంటే. కాబట్టి ఇంకో సంక్రాంతి దాకా ఆగొద్దు. దావా విశాఖలోనే వేయాలి, భూమి ఉన్న చోటి కోర్టుకే అధికారం. లండన్‌లో వేసి ఉపయోగం లేదు.

అన్నిటికన్నా ముందు ఈ వారంలోనే ఈసీ, అంటే స్థలం మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించండి. ట్రస్ట్స్ యాక్ట్ 96వ సెక్షన్ ప్రకారం విషయం తెలియకుండా సరైన ధర ఇచ్చి కొన్నవాడి హక్కును మీరు కదపలేరు. ఆయన ఇప్పటికే అమ్మేసి ఉంటే కొన్నవాడికి తెలుసా లేదా అన్న ఇంకో యుద్ధం మొదలవుతుంది. బ్యాంకులో తనఖా పెట్టి ఉన్నా అదే తలనొప్పి. ఈసీ ఖాళీగా ఉంటే లాయరు నోటీసుతో ఆగకుండా దావా, దాంతోనే ఇంజంక్షన్ పిటిషన్ వేయించండి. నోటీసు చూసిన మర్నాడే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పరిగెత్తినవాళ్లను నేను చూశాను. మీరు రాలేకపోతే ఇక్కడ నమ్మకమైనవాళ్లకు పవర్ ఆఫ్ అటార్నీ పంపండి. దుబాయ్‌లో మన కాన్సులేట్‌లో సంతకం పెట్టాలి, అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి.

ఒక సంగతి మీరు రాయలేదు. 2011లో ఈ స్థలం కొనడానికి మీ అన్నయ్యకు ఏదైనా పవర్ ఆఫ్ అటార్నీ పంపారా? ఆయన వాడకపోయినా సరే, రిజిస్టర్ కాకపోయినా సరే, ఆ కాగితం జిరాక్సు ఒక్కటి దొరికినా చెప్పండి, పైన రాసినదాంట్లో సగం మార్చి రాస్తాను.